గింగిరం సంగతి సరే, వెడల్పెంత?

మ్యూజియంలో ఉన్న డాష్ 80 అనే పాత బోయింగ్ విమానం చుట్టూ రెండుసార్లు తిరిగొచ్చి మా నాన్న అడిగిన మొదటి ప్రశ్న: “ఇందులో సీట్లు త్రీ ప్లస్ టూనా, త్రీ ప్లస్ త్రీనా?”

నేను వేరే కథ చెప్పడానికి సిద్ధమై ఉన్నాను. విమానాల పిచ్చి ఉన్న ఎవరైనా ఈ విమానం దగ్గర చెప్పేది ఒకటే కథ. 1955 ఆగస్టు 7, సియాటిల్, లేక్ వాషింగ్టన్‌లో స్పీడు పడవల పందేలు, ఒడ్డున లక్షల మంది జనం. బోయింగ్ అధిపతి బిల్ అలెన్ ప్రపంచంలోని పెద్ద పెద్ద ఎయిర్‌లైన్స్ వాళ్లని పిలిచి, తన కంపెనీ కొత్త జెట్టు పైనుంచి మర్యాదగా ఒకసారి వెళ్తుందని చూపిద్దామనుకున్నాడు. టెస్ట్ పైలట్ టెక్స్ జాన్‌స్టన్ ఆ నాలుగింజన్ల విమానాన్ని జనం తలల మీదుగా తిరగలి తిప్పినట్టు గిర్రున పొర్లించాడు. చాలదన్నట్టు వెనక్కి వచ్చి మళ్లీ పొర్లించాడు. మర్నాడు అలెన్ పిలిచి “ఏం చేస్తున్నానని అనుకున్నావయ్యా” అని నిలదీస్తే, “విమానాలు అమ్ముతున్నా” అన్నాడట. ఆ పొర్లింతలో విమానం మీద పడే బరువు మామూలుగా ఎగిరేటప్పటి బరువుకి దగ్గర్లోనే ఉంటుంది, కాబట్టి ప్రమాదమేమీ లేదని అతని వాదన.

ఇదంతా చెప్పాను. నాన్న విన్నాడు. “బాగానే ఉంది గానీ, వెడల్పెంత?” అన్నాడు.

మేమున్నది వర్జీనియాలో, డల్లెస్ విమానాశ్రయానికి దగ్గర్లో. ఈ చుట్టుపక్కల ఏ అపార్ట్‌మెంట్లో తలుపు కొట్టినా సగం ఇళ్లల్లో తెలుగే వినిపిస్తుంది. ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే వాళ్లని వరసగా తిప్పే చోట్లు నాలుగున్నాయి: గుడి, వైట్ హౌస్ బయటి కంచె, కాస్ట్‌కో, ఉడ్వర్-హేజీ మ్యూజియం. స్మిత్సోనియన్ వాళ్లది ఆ చివరిది, చాంటిలీలో ఉంటుంది. పార్కింగుకి డబ్బులు కడితే చాలు, లోపలికి ఉచితం. డిస్కవరీ స్పేస్ షటిల్ ముందు అందరూ ఫోటోలు దిగుతారు, కాంకార్డ్ ముందు దిగుతారు, హిరోషిమా మీద బాంబు వేసిన ఎనోలా గే ముందు కాస్త మొహమాటంగా దిగుతారు. కాంకార్డ్ ఉన్న హాల్లోనే పసుపూ గోధుమ రంగుల్లో, పెద్దగా కిటికీలు కూడా లేని ఒక పాత జెట్టు ఉంటుంది. దాని ముందు ఎవరూ ఆగరు. డాష్ 80 అంటే అదే. బోయింగ్ ప్రయాణికుల జెట్లలో 707 నుంచి ఇవాళ్టి 737 దాకా అన్నిటికీ తల్లి. 

మా నాన్న విజయవాడ ఆటోనగర్లో ముప్పై నాలుగేళ్లు బస్సు బాడీలు కట్టాడు. ఫ్యాక్టరీ నుంచి బోసి ఛాసిస్ వచ్చేది. ముందు ఇంజను, వెనక రెండు పట్టాలు, అంతే. డ్రైవరు ముఖానికి తువ్వాలు చుట్టుకుని, చెక్క పెట్టె లాంటి సీటు మీద కూర్చుని, ఎండనీ దుమ్మునీ తింటూ వందల మైళ్లు తోలుకొచ్చేవాడు. దాని మీద పిల్లర్లు నిలబెట్టడం, రేకులు కత్తిరించడం, రివెట్లు కొట్టడం, పైకప్పు వేయడం నాన్న వాళ్ల షెడ్డు పని. అందుకే ఆయనకి విమానం కనిపించగానే ఇంజను కంటే ముందు రివెట్ల వరస కనిపించింది. ఎంత దగ్గరగా కొట్టారో చూడటానికి తాడు దాటబోతే నేనే చెయ్యి పట్టుకుని ఆపాను. బస్సు బాడీ కట్టేవాడు కడుపులోంచి అడిగే ప్రశ్న వెడల్పు. బయట ఎంత ఉండాలో గవర్నమెంటు చెబుతుంది, అందులో లోపల ఎంత మిగుల్చుకుంటావన్నదే మేస్త్రీ పనితనం. వరసకి ఒక్క సీటు ఎక్కువ పడితే, ఓనరుకి ఆ బస్సు బతికున్నన్నాళ్లూ ప్రతి ట్రిప్పుకీ పది పన్నెండు టిక్కెట్లు ఎక్కువ.

అప్పుడు ఫోన్ తీసి వెతికి చెప్పాను: ఈ డాష్ 80 బాడీ వెడల్పు 132 అంగుళాలు. వరసకి ఐదు సీట్లకి సరిపోయేది. త్రీ ప్లస్ టూ.

“మరి అమ్మింది కూడా ఇదేనా?”

కాదు. అసలు కథ అక్కడే ఉందని, గింగిరం కథ చెప్పుకుని ఇన్నేళ్లూ మనం దాన్ని పోగొట్టుకున్నామని నాకు ఆ రోజే వెలిగింది. ఈ విమానం గొప్పదనం అది చేసిన విన్యాసంలో లేదు. దాని కొలత తప్పని తేలినప్పుడు, దాన్ని కట్టినవాళ్లు ఆ తప్పుని ఒప్పుకుని, దాన్ని అమ్మకుండా, మళ్లీ మొదట్నుంచి కొలుచుకోగలిగారు చూడండి, అందులో ఉంది. 

కొంచెం వెనక్కి వెళ్తాను. 1950లో ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరో ప్రదర్శనలో బిల్ అలెన్ డి హావిలాండ్ వాళ్ల కామెట్‌ని చూశాడు. ప్రపంచంలో మొట్టమొదటి జెట్ ప్రయాణికుల విమానం అది, అంతకు ఏడాది ముందే, 1949 జులై 27న హాట్‌ఫీల్డ్‌లో మొదటిసారి ఎగిరింది. అలెన్ ఇంజనీరు కాదు, లాయరు. 1952 ఏప్రిల్లో అతని బోర్డు ఒకటిన్నర కోట్ల డాలర్ల పైచిలుకు ఖర్చుతో ఒకే ఒక్క నమూనా కట్టడానికి ఒప్పుకుంది. ఆఖరికి 1.6 కోట్లయింది. అప్పటికి ఏ ఎయిర్‌లైనూ ఒక్క విమానం కూడా ఆర్డరివ్వలేదు. కంపెనీ మొత్తాన్ని పణంగా పెట్టి జూదమాడారని పుస్తకాలన్నీ రాస్తాయి.

జూదమే, కాదనను, కానీ పూర్తి లెక్క చెప్పరు. అది కొరియా యుద్ధం నడుస్తున్న కాలం. మామూలు కంటే ఎక్కువ లాభం సంపాదించిన కంపెనీల మీద అమెరికా ప్రభుత్వం అదనపు లాభాల పన్ను వేసేది, అది బోయింగ్ మీద బాగా గట్టిగా పడింది. ఆ డబ్బు పరిశోధనకి ఖర్చు పెట్టకపోతే అందులో పెద్ద వాటా ఎలాగూ పన్నుకే పోయేది. పైగా వాళ్ల కన్ను ఎయిర్‌లైన్స్ మీద ఎంత ఉందో, వైమానిక దళం మీదా అంతే ఉంది. బోయింగే కట్టిన జెట్ బాంబర్లకి గాల్లోనే ఆయిలు పోయడానికి పాత ఫ్యాను విమానాలు చాలడం లేదు, వేగంగా వెళ్లే ట్యాంకరు కావాలి. ఆ బేరం డాష్ 80 మొదటిసారి ఎగిరిన కొన్ని వారాలకే, 1954 ఆగస్టులో కుదిరింది. అంటే గింగిరానికి సరిగ్గా ఏడాది ముందు. అలెన్ ధైర్యాన్ని తక్కువ చేయడం లేదు, కళ్లు మూసుకుని దూకిన ధైర్యం కాదది అంటున్నానంతే.

పేరు కూడా తమాషాగానే పెట్టారు. వాళ్ల పాత సరుకు విమానం మోడల్ నంబరు 367. కొత్తదాన్ని దానికి 80వ మార్పు అన్నట్టుగా 367-80 అని రాసుకున్నారు, పోటీవాళ్లు కాగితం చూసినా పాత బండికి రిపేరేమో అనుకోవాలని. అదే వాడుకలో డాష్ 80 అయింది.

1954 మే నెల మధ్యలో రెంటన్ ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చింది. వారం తిరిగేసరికి, ఇంకా నేల మీద పరుగులు పెట్టిస్తుండగానే ఎడమ చక్రాల కాలు విరిగి ఆ పక్కకి ఒరిగిపోయింది. ఆ ఫోటో చూస్తే మొదటి రోజు స్కూలుకెళ్లి మోకాలు చెక్కుకుపోయి వచ్చిన పిల్లాడిలా ఉంటుంది. బాగుచేసి జులై 15న ఎగరేశారు. కొన్నాళ్లకి ల్యాండింగులో బ్రేకులు పనిచేయక రన్‌వే దాటిపోయి ముక్కు చక్రం విరిగింది. ఇది చెప్పినప్పుడు నాన్న ముఖంలో మొదటిసారి సంతోషం కనిపించింది. “మంచిదే కదమ్మా. పాసింజర్లు లేనప్పుడే విరిగింది.”

దాని పక్కనే కామెట్ కథ పెట్టుకోకపోతే ఆ మాట బరువు తెలియదు.

1952 మే 2న లండన్ నుంచి జొహానెస్‌బర్గ్‌కి యోక్ పీటర్ అనే కామెట్ టిక్కెట్టు కొన్న ప్రయాణికులతో బయల్దేరింది. ప్రపంచంలో జెట్ ప్రయాణం మొదలైంది అప్పుడే. సరిగ్గా ఏడాదికి, 1953 మే 2న, ఇంకో కామెట్ కలకత్తా డమ్‌డమ్ నుంచి ఢిల్లీకి లేచి, ఆరు నిమిషాల్లో ఉరుముల గాలివానలో ముక్కలై జగల్‌గొరి అనే పల్లె దగ్గర పడింది. అందులోని 43 మందీ పోయారు. తప్పు వాతావరణం మీదికి పోయింది. 1954 జనవరి 10న అదే యోక్ పీటర్ రోమ్ నుంచి లేచి ఇటలీ పక్కన ఎల్బా దీవి దగ్గర సముద్రంలో పడింది, 35 మంది. కామెట్లన్నిటినీ ఆపి, వెతికి, తోచిన మార్పులన్నీ చేసి మార్చిలో మళ్లీ ఎగరేశారు. ఏప్రిల్ 8న ఇంకొకటి. నేపుల్స్ దగ్గర సముద్రంలో, 21 మంది.

తర్వాత ఫార్న్‌బరోలో బ్రిటిష్ ప్రభుత్వ పరిశోధకులు చేసిన పని చదివితే ఒళ్లు జలదరిస్తుంది. ఒక కామెట్ బాడీని మొత్తంగా నీళ్ల తొట్టిలో ముంచారు, రెక్కలు రెండూ తొట్టి పక్కల నుంచి బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. లోపల కూడా నీళ్లే నింపి, పంపుతో ఒత్తిడి పెంచడం, దించడం. పైకి ఎగిరినప్పుడు బాడీ బుడగలా ఉబ్బుతుంది, దిగినప్పుడు సర్దుకుంటుంది, అదే రాత్రీ పగలూ చేశారు. ఒక పక్క రెక్కల్ని జాకీలతో ఊపుతూనే ఉన్నారు. నీళ్లెందుకంటే, గాలి నింపి చేస్తే పగిలినప్పుడు బాంబులా పేలిపోయి ఎక్కడ మొదలైందో ఆనవాలు దొరకదు, నీళ్లయితే పగిలిన చోట పగిలినట్టే ఆగిపోతుంది. నాన్నకి ఇది రెండో వాక్యం కూడా అవసరం లేకుండా అర్థమైంది. పంక్చర్ షాపు తొట్టిని కాస్త పెద్దగా ఊహించుకున్నాడు, అంతే. 3,057 ప్రయాణాల దగ్గర బాడీ చీలింది. అందులో 1,221 నిజంగా ఎగిరినవి, మిగతావి తొట్టిలో చేసినవి. సముద్రంలో పడ్డ యోక్ పీటర్ ఎగిరింది 1,290 సార్లు.

కామెట్ “చదరపు కిటికీల వల్ల కూలింది” అని ఎక్కడ చూసినా రాస్తారు, నేను కూడా అలాగే నమ్మాను. ఆ కిటికీల మూలలు గుండ్రంగానే ఉంటాయి, కాకపోతే ఉండాల్సినంత గుండ్రంగా కాదు. యోక్ పీటర్‌లో చీలిక మొదలైంది ప్రయాణికుల కిటికీ దగ్గర కాదు, పైకప్పు మీద రేడియో ఏరియల్ కోసం కోసిన కంత మూల దగ్గర. ఆ రేకు కొన్ని చోట్ల 22 గేజు, మిల్లీమీటరు కంటే తక్కువ మందం. “22 గేజా?” అని నాన్న ఆగిపోయాడు. “మా బస్సు పక్క రేకు ఇంతకంటే మందం. అదీ మూలల్లోనే చీలుతుంది. కిటికీ మూల ఎంత గుండ్రంగా తీసినా, గతుకుల రోడ్డు మీద నాలుగేళ్లకి అక్కడే వెంట్రుకంత గీత వస్తుంది. ఆ గీత చివర డ్రిల్లుతో చిన్న చిల్లు వేస్తాం, ఇంక ముందుకి పాకదు.”

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. డి హావిలాండ్ వాళ్లు పరీక్షలు చేయకుండా జనాన్ని ఎక్కించారని అనుకోవద్దు. ఆనాటి నిబంధనలు అడిగిన దానికంటే ఎక్కువే చేశారు. బాడీ ముక్కని సుమారు 16,000 సార్లు ఉబ్బించి దించారు, అది తట్టుకుంది. మరి నిజం విమానం 1,290కే ఎందుకు పోయింది? ఆ ముక్కని అంతకుముందే వేరే పరీక్ష కోసం రెట్టింపు ఒత్తిడి దాకా ఒకసారి సాగదీశారు. అలా సాగినప్పుడు కంతల అంచుల్లో లోహం ఇంక వెనక్కి రానంతగా కొద్దిగా సాగుతుంది. ఒత్తిడి తీసేయగానే చుట్టూ ఉన్న లోహం దాన్ని లోపలికి అదిమి పట్టుకుంటుంది. ఆ తర్వాత ఎన్నిసార్లు లాగినా, మొదట ఆ అదుముడు వదిలాకే మూల మీద లాగుడు పడుతుంది. అంటే పరీక్షకి కూర్చున్న ముక్క ముందే గట్టిపడిపోయి, గట్టిపడని అన్నదమ్ములందరికీ పాస్ సర్టిఫికెట్ ఇచ్చేసింది. “పహిల్వాన్ని పంపి మామూలోడికి మార్కులేయించుకున్నారన్నమాట” అన్నాడు నాన్న.

కాబట్టి “వీళ్లు జాగ్రత్తపరులు, వాళ్లు తొందరపాటు మనుషులు” అని తేల్చేసే వ్యాసం కాదిది. తేడా మనుషుల్లో కంటే వరుసలో ఉంది. కామెట్ కాగితం మీద బొమ్మగా ఉన్నప్పుడే అమ్ముడైపోయింది. మొదటి నమూనా ఎగిరిన మూడేళ్లలోపే జనం ఎక్కారు. కట్టినవాళ్లకి దాన్ని తప్పని అనుకునే తీరిక లేదు, ఆ తప్పు మీద అప్పటికే ఫ్యాక్టరీ నడుస్తోంది, దేశం పరువు కూడా నడుస్తోంది. డాష్ 80 ఎగిరింది 1954 జులైలో, దాన్నిబట్టి అమ్మకానికి కట్టిన 707 జనాన్ని ఎక్కించుకుంది 1958 అక్టోబర్లో. మధ్యలో నాలుగేళ్ల పైన. ఆ నాలుగేళ్లలో కామెట్ శవపరీక్ష మొత్తం లోకానికి తెలిసింది. బోయింగ్ వాళ్లు ఒత్తిడి నింపిన బాడీలోకి పైనుంచి ఉక్కు కత్తులు జారవిడిచి, చీలిక పాకకుండా ఆగుతుందని జనానికి చూపించారు. ఆ పాఠానికి ఫీజు కట్టింది ఎల్బా దగ్గరా నేపుల్స్ దగ్గరా పోయినవాళ్లు. ఇది మర్చిపోయి బోయింగ్ తెలివిని పొగిడేవాళ్లంటే నాకు చిరాకు.

ఇప్పుడు వెడల్పు దగ్గరికి వస్తాను, నాన్న ప్రశ్న ఇంకా అలాగే ఉంది.

132 అంగుళాల డాష్ 80ని చూసి వైమానిక దళం ట్యాంకరు కోసం 144 కావాలంది. సరే, అలాగే ఆ ట్యాంకరుని, అంటే కేసీ-135ని, 144కి పెంచారు. కొత్త అచ్చులు, కొత్త జిగ్గులు, కొత్త ఖర్చు. పోనీలే, 707ని కూడా అదే 144లో కట్టేస్తే ఒకే అచ్చుతో రెండు పనులూ అవుతాయని ఆశపడ్డారు. బాడీ కట్టే ఎవరైనా అదే ఆశపడతారు. ఈలోగా, 1955 జూన్లో, కాలిఫోర్నియాలో డగ్లస్ కంపెనీ డీసీ-8 కడతామని ప్రకటించింది. వెడల్పు 147. వరసకి ఆరు సీట్లు, త్రీ ప్లస్ త్రీ, సుఖంగా.

ఆగస్టులో గింగిరం. అక్టోబరు 13న పాన్ యామ్ ఎయిర్‌లైన్ అధిపతి హువాన్ ట్రిప్ ఆర్డర్లు ప్రకటించాడు. 707లు 20, డీసీ-8లు 25.

మళ్లీ చదవండి. ఒకటి కళ్ల ముందు రెండుసార్లు పొర్లిన విమానం. రెండోది కాగితం. కాగితానికి ఐదు ఎక్కువ. “విమానాలు అమ్ముతున్నా” అన్న డైలాగు ఎంత బాగున్నా, ఆ అక్టోబరు ఆర్డరు దాన్ని తలకిందులు చేస్తుంది. అదే నెలలో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ వాళ్లు కూడా డీసీ-8 వైపు వెళ్లిపోయారు. గింగిరం చూసి చప్పట్లు కొట్టినవాళ్లే ఆఫీసుకెళ్లి సీట్లు లెక్కపెట్టుకున్నారు. ఎయిర్‌లైన్ ఓనరైనా బస్సు ఓనరైనా ఒకే జాతి.

బోయింగ్ అప్పుడు చేసిన పనికి ఏ మ్యూజియంలోనూ బొమ్మ లేదు. 707 బాడీని 148 అంగుళాలకి పెంచారు, డగ్లస్ కంటే ఒక్క అంగుళం ఎక్కువ. ట్యాంకరుతో అచ్చులు పంచుకునే ఆశ వదులుకున్నారు, అంటే 1.6 కోట్లు పెట్టి కట్టిన నమూనా వెడల్పూ పోయింది, ఆ తర్వాత పెంచిన వెడల్పూ పోయింది. దీని వెనక ఎన్ని మీటింగులు, ఎన్ని అరుపులు, ఎంత టెన్షన్ ఉండి ఉంటుందో ఊహించుకోండి. నవంబర్లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ 30 ఆర్డరిచ్చింది. ఆ 148 ఎంత కుదిరిందంటే 727కీ, 737కీ, 757కీ అదే వెడల్పు. ఇవాళ శంషాబాద్‌లో మీరు 737 ఎక్కితే కూర్చునేది 1955లో డగ్లస్ భయంతో నాలుగంగుళాలు సాగిన ఆ గొట్టంలోనే.

సీట్ల లెక్క మరీ అంత ముఖ్యమా అంటే కాన్‌వేర్ అనే ఇంకో విమానాల కంపెనీ వాళ్లని అడగాలి. 880 అని, తర్వాత 990 అని, అందరికంటే వేగంగా వెళ్లే జెట్లు కట్టారు, వరసకి ఐదు సీట్లతో. రెండూ కలిపి వందకి కాస్త పైన అమ్ముడై, ఆ కాలానికి అమెరికాలో అతి పెద్ద నష్టాల్లో ఒకటి మూటగట్టుకున్నారు. డాష్ 80 కొలతల్నే పట్టుకు వేలాడి ఉంటే బోయింగ్ గతి కూడా అటు ఇటుగా అదే అయ్యేదని నా అనుమానం. 

నమూనా బాగుంటే చాలదనడానికి ఇంకో కథ కూడా ఉంది. కామెట్ ఎగిరిన రెండు వారాలకే, 1949 ఆగస్టు 10న, కెనడాలో ఏవ్రో కంపెనీ వాళ్ల జెట్‌లైనర్ అనే ప్రయాణికుల జెట్టు ఎగిరింది. 1950 ఏప్రిల్లో టొరంటో నుంచి న్యూయార్క్‌కి గంటలో పోయింది. కానీ కొరియా యుద్ధం రాగానే “ముందు ఫైటర్లు కట్టండి” అని ప్రభుత్వం పక్కన పెట్టించింది, రెండోది పూర్తి కానేలేదు, 1956లో ఉన్న ఒక్కదాన్నీ తుక్కు చేశారు. ఒటావా మ్యూజియంలో ఇప్పుడు ముక్కు భాగం మాత్రం ఉంది. నేను వెళ్లి చూడలేదు, చూడబుద్ధి కూడా కాదు.

డాష్ 80 బతుకు మాత్రం అమ్మకపోవడం వల్లే బాగుపడింది. అది అందరి ప్రయోగాలకీ ఒళ్లప్పగించిన బండి అయింది. 727 తోక పక్కన ఇంజను పెడితే ఎలా ఉంటుందో చూడాలి, దీనికి ఐదో ఇంజను తగిలించు. బురదలో దిగగలదా చూడాలి, బోలెడన్ని చక్రాలు తగిలించు. ఇంకా నెమ్మదిగా ఎగరగలదా, రెక్కల ఫ్లాపులు కోసి కొత్తవి పెట్టు. ఇంజను చప్పుడు తగ్గించే గొట్టాలు, దిగాక వెనక్కి తన్నే ఏర్పాట్లు, గాల్లో ఆయిలు పోసే బూమ్, అన్నీ దీని మీదే. 1970 దాకా సుమారు 2,350 గంటలు ఎగిరింది, టిక్కెట్టు కొన్నవాడు ఒక్కడూ ఎక్కలేదు. దగ్గరికెళ్లి చూస్తే రేకు అంతా ఒకేలా ఉండదు, అతుకుల లెక్క నాన్న ఆ తాడు బయట నిలబడే పదకొండు దాకా పెట్టి వదిలేశాడు.

సరే, నా వాదనకి ఎదురొచ్చేది కూడా నేనే చెప్పేస్తాను, లేకపోతే కామెంట్లలో మీరు చెబుతారు. అంత నమూనా, అన్ని పరీక్షలు ఉండి కూడా 707లో ఒక లోపం జనం ఎక్కాక గానీ బయటపడలేదు. విమానం పాములా అటూ ఇటూ ఊగే జబ్బు, డచ్ రోల్ అంటారు, దాన్ని 707 తోక సరిగ్గా అదుపు చేసేది కాదు. 1959 అక్టోబర్లో వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక ఎయిర్‌లైన్ పైలట్లకి ఆ ఊగుడే చూపిస్తూ శిక్షణ ఇస్తుంటే, అది చేయి దాటి ఇంజన్లు ఊడిపోయి కూలింది, నలుగురు చనిపోయారు. తోక ఎత్తు పెంచాలని, కడుపు కింద ఇంకో రెక్క పెట్టాలని పట్టుబట్టింది అమెరికన్లు కాదు, బ్రిటిష్ తనిఖీ అధికారులు. కామెట్‌తో చేతులు కాల్చుకున్నవాళ్లు మరి. నమూనా కట్టడమంటే సత్యం తెలిసిపోవడం కాదు, కొన్ని తప్పులు తక్కువ ఖర్చులో దొరుకుతాయి, అంతవరకే. మా వాళ్లకి అర్థం కానిది అదే.

మా వాళ్లంటే సాఫ్ట్‌వేర్ వాళ్లు. నేను కొన్నేళ్ల కింద పనిచేసిన ఒక చోట, ఎక్కడో అనవసరం, కస్టమర్‌కి చూపించడానికి రెండు వారాల్లో ఒక డెమో కట్టాం. చూసి పారేయడానికే అని అందరం ఒప్పుకుని కట్టింది. కస్టమర్‌కి నచ్చింది. సోమవారానికల్లా మేనేజరు “ఇదే లైవ్ చేసేద్దాం, బాగానే పనిచేస్తోందిగా” అన్నాడు. అందులో నేను డమ్మీగా పెట్టిన ఒక ఫోన్ నంబరు ఎవరిదో నిజం నంబరే అని తేలేసరికి ఆ మనిషికి మూడు రోజులపాటు ఊళ్లోవాళ్లందరి మెసేజీలూ వెళ్లాయి. ఎవరూ చనిపోలేదు కాబట్టి నవ్వుకుంటాం. కానీ ఆ సోమవారం “ఇది అమ్మడానికి కాదు” అని చెప్పే గొంతు నాకు లేదు. అలెన్‌కి ఆ గొంతు ఉంది, దానికి తోడు ఇంకో విమానం కట్టే డబ్బూ ఉంది. రెండోది లేకుండా మొదటిది ఎంతవరకు నిలబడుతుందో నాకు అనుమానమే.

“మీ షెడ్డులో ఎప్పుడైనా కొలత తప్పి కట్టారా?” అని కారులో అడిగాను. కట్టారట. మొదటిసారి లగ్జరీ బస్సు బాడీ కట్టినప్పుడు వెనక వరస దగ్గర నడవా నాలుగంగుళాలు తగ్గింది. ఓనరు చూసి ఏమీ అనలేదట, తీసుకెళ్లిపోయాడు. “అదే బాధ. తిట్టుంటే విప్పి కట్టేవాళ్లం. ఇరవై ఏళ్లు తిరిగింది ఆ బండి. రోడ్డు మీద కనబడ్డప్పుడల్లా తల తిప్పుకునేవాణ్ణి.”

ఆయన ఊరెళ్లిపోయి నెలయింది. పోయిన వారం మా బాబాయి కూతురి పెళ్లికని శంషాబాద్ నుంచి ఢిల్లీకి వెళ్తూ 737 ఎక్కాడు. గాల్లోంచి దిగగానే నాకు ఫోటో పంపాడు: చేతి సంచిలో ఎప్పుడూ ఉండే ఆ పసుపు కొలత టేపు, సీటు రెండు హ్యాండ్‌రెస్టుల మధ్య అడ్డంగా పరిచి, బొటనవేలు 17 దగ్గర. పక్క సీటాయన మోచెయ్యి కూడా ఫోటోలో పడింది. వెంటనే ఫోన్.

“పదిహేడమ్మా. మా ఆర్డినరీ బస్సు త్రీ ప్లస్ టూలో పదహారు ఇచ్చేవాళ్లం.”

“ఒక అంగుళం ఎక్కువేగా నాన్నా.”

“ఆ అంగుళానికా ఏడు వేలు?”